మాడు మెత్తగున్న కుక్కపిల్ల

దాన్ని నేనే ఏరుకున్న. ఈ మాట ముందుగాల చెప్పాలె. లేకుంటే ఇగ నేను ఎవరెవరి మీద కోపానికొచ్చిన్నో చెప్పుకుంట పోతుంటే, నా తప్పు లేనట్టే అనిపిస్తది.

బుట్టల నాలుగు పిల్లలుండె. మూడు ఒకదాని మీద ఒకటి ఎక్కి కొట్లాడుతున్నయి. నాలుగోది మూలకు కూసొని తలకాయ జెర వంచి నా దిక్కు చూసింది. చూసిందనే అనుకున్న. గుండ్రటి పెద్ద తల, బయటికి ఉబికిన కండ్లు, అరచేతిల పట్టేంత ఒళ్లు.

"మంచిదాన్నే పట్టినవ్ మేడమ్," అన్నడు అమ్మేటాయన. "దీన్ని ఆపిల్ హెడ్ అంటరు. అసలు చివావా జాతి కుక్క అంటే గిట్లనే ఉండాలె. శాంతంగ ఉంటది, అల్లరి చెయ్యదు."

నేను పటాన్‌చెరు దిక్కు ఒక మందు గోలీల ఫ్యాక్టరీల ప్యాకింగ్ సెక్షన్ సూపర్‌వైజర్‌ను. మా ఆయన ఇంకో ఫ్యాక్టరీల బాయిలర్ కాడ పని చేస్తడు. ఇద్దరివీ షిఫ్టులే. పోతిరెడ్డిపల్లిల మా కిరాయి ఇంట్ల పొద్దంత అత్తమ్మ ఒక్కతే ఉంటది. ఆమెకు తోడుగ ఉంటదని కుక్కపిల్లను తెచ్చిన. ఆమె అడగలేదు. చూసి, "నాకు తోడా, దానికి నేను కాపలనా?" అన్నది.

రెండు వారాలు గడిచినయి. పిలిస్తే వస్తలేదు. నడిస్తే ఎడమ దిక్కే గుండ్రంగ తిరుగుతది. బీరువాకు గోడకు నడుమ సందుల దూరి, గోడ దిక్కు మొఖం పెట్టి అట్లనే నిలబడతది. వెనుకకు రావాలని దానికి తోచది. పాల గిన్నె ముందట పెడితే పక్కన బండను నాకుతది. ఎన్నిసార్లు చెప్పినా పక్క మీదనే పోస్తది. ఒకరోజు డ్యూటీ నుంచి అలిసిపోయి వచ్చి చూస్తే ఉతికిన దుప్పటి మల్ల తడిసి ఉన్నది. దాన్ని కొట్టిన. చేత్తోని, వీపు మీద. అది అరవలేదు, ఉరకలేదు. దెబ్బ ఎక్కడి నుంచి వచ్చిందో తెల్వనట్టు గాలిల మూతి ఎత్తింది. ఆ మొఖం నేను ఇప్పటికీ మర్చిపోలే.

ఆ ఆదివారం పొద్దుగాల బట్టలు ఆరేస్తుంటే లోపలి నుంచి అత్తమ్మ కేక పెట్టింది. ఉరికిపోయి చూస్తే కుక్కపిల్ల పక్కకు పడి నాలుగు కాళ్లు కొట్టుకుంటున్నది. నోట్లె నురుగు. తువాల్ల చుట్టుకొని ఆటో ఎక్కి సంగారెడ్డిల పశువుల డాక్టర్ దగ్గరికి పోయిన.

ఆయన దాని కండ్లల్ల లైట్ వేసి చూసిండు. తర్వాత నా వేలు పట్టుకొని దాని నడినెత్తి మీద పెట్టిండు. "మెల్లగ ఒత్తి చూడమ్మా."

పుర్రె బొక్క తగల్లే. పసిపిల్లల మాడు లెక్క మెత్తగ, లోపల టక్కుటక్కు కొట్టుకుంటున్నది.

"మెదడుల నీళ్లు చేరుతున్నయి. ఇది పుట్టుకతోని వచ్చిన రోగం. ఆపరేషన్ చేసి పైపు వెయ్యొచ్చు గని ఇంత చిన్న పానం తట్టుకుంటదని నేను చెప్పలేను. మందులతోని కొన్ని రోజులు గుంజుకరావచ్చు. నయమైతదని మాత్రం అనుకోకు."

"అమ్మినాయనకు ఇది ఎరుకనే ఉంటదా సార్?"

ఆయన చేతులు కడుక్కుంట అన్నడు, "రోజూ పిల్లల తలలు పట్టేటోనికి ఎరుక లేకుంట ఎట్లుంటది?"

తెల్లారి డ్యూటీ కాంగనే దాన్ని సంచిల పెట్టుకొని అమ్మినాయన దగ్గరికి పోయిన. అపార్ట్‌మెంట్ల రెండో అంతస్తు. ఫోన్ల నుంచి తల ఎత్తకుంటనే విన్నడు.

"అప్పుడప్పుడు ఒక పీస్ అట్ల వస్తది మేడమ్. ఇచ్చెయ్యి. వేరే పీస్ తీస్కపో."

"ఇచ్చేస్తే దీన్నేం చేస్తవ్?"

"అది నేను చూసుకుంట. నీకెందుకు టెన్షన్?"

ఆయన వెనుక బాల్కనీల పంజరాలు. ఒక దాంట్ల, కొన్ననాడు చూపెట్టిన దీని తల్లి పండుకొని ఉన్నది. కడుపు మల్ల ఉబ్బి ఉన్నది. ఈతకు ఈతకు నడుమ దానికి ఒళ్లు కూడుకునే టైమే ఇయ్యలేదని చూస్తేనే తెలుస్తున్నది.

"మల్ల కడుపుతోని ఉన్నదా? మగది ఏది?"

"అదే జోడీ. రంగు మంచిగొస్తది."

నా ఒళ్లంత మండింది. పీస్ అనే మాట మేమూ వాడుతం. మా లైన్ల ఒక్క గోలీ పగిలి వచ్చిందంటే మెషీన్ ఆపుతం. ఎందుకు పగిలిందో రాస్తం. అది తెలిసేదాంక లైన్ కదలది. గోలీకి నొప్పి తెల్వది, అయినా ఆపుతం. ఈయన పానమున్నదాన్ని పీస్ అనుకుంట మెషీన్ నడుపుతనే ఉన్నడు! ఇవన్నీ ఆయన ముందట అనలే. సంచి ఛాతీకి పెట్టుకొని మెట్లు దిగొచ్చిన. దిగినంక మాటలన్నీ గుర్తొచ్చి నా మీద నాకే మండింది.

ఇంట్ల మంచం కోళ్లకు, బీరువా మూలలకు ఫ్యాక్టరీల పారేసే స్పాంజి తెచ్చి చుట్టినం. బండల మీద కాళ్లు జారకుంట గోనె సంచులు పరిచినం. వాపు తగ్గే గోలీ, నీళ్లు తగ్గే మందు, ఫిట్స్ మందు. గోలీని నాలుగు ముక్కలు చేసి ఒక ముక్క పెరుగుల పెట్టి నోట్లె వెయ్యాలె. దినమంత గోలీలు డబ్బాలకెక్కించి వచ్చి, ఇంట్ల పావు గోలీ కోసం బ్లేడు పట్టుకొని కూసునేదాన్ని.

ఇంటికాడ అందరూ ఒక్కటే పాట, దాన్ని ఇడిచిపెట్టుమని. ఎదురింటామె అయితే ఒకనాడు గడపల నిలబడి, మా అత్తమ్మ ఒళ్లె ఉన్న కుక్కపిల్లను చూసి అన్నది, "గసొంటిది ఇంట్ల ఉండొద్దు వదినా. హైవే మీద ఇడిచిపెట్టి రారాదు? ఏ లారీ కిందనో పడి దాని తిప్పలు అదే తీరుతది."

మోకాళ్లు పట్టేసి లేవలేని అత్తమ్మ దాన్ని సంకకెత్తుకొని గోడ పట్టుకొని లేచింది. "నీ నోట్లె మన్నువడ! పానం కొట్టుకుంటుంటే లారీ కింద వెయ్యమంటవా? నడువ్ నా గడప దిగి!"

ఆమె దిగిపోయింది. అత్తమ్మను కూసోబెట్టిన. నీళ్లిచ్చిన. తాగలేదు. కుక్కపిల్ల మాడు మీద చెయ్యి పెట్టి చెప్పింది.

"నీ పెనిమిటి ఎనుక ఒక పిలగాడు పుట్టిండు. వానికి గూడ మాడు గిట్లనే ఉండె. నెలనెలకు తలకాయ పెరిగింది. గ్రాణం పట్టిన పూట నేను కడుపుతోని ఉండి కూరగాయ కోసిన్నంట, అందుకే గట్ల పుట్టిండని మా అత్త అన్నది. దవాఖానకు తీస్కపోనియ్యలె. పేరు గూడ పెట్టనియ్యలె. పేరు పెడితే మనసు తగులుతదన్నరు. ఏడాది నిండకముందే పోయిండు."

పదహారేండ్ల కాపురంల ఈ మాట నేను మొదటిసారి విన్న.

"అప్పుడు నీకు కోపం రాలేదా అత్తమ్మా?"

"ఎవలి మీద చూపెట్టాలె బిడ్డా? తెల్లారితే మంది చేన్ల కలుపుకు పోవాలె."

ఆ తెల్లారి నుంచి పగటి మందు ఆమే వేసింది. అక్షరం రాదు. గోలీ రంగు చూసి గుర్తుపట్టేది. ఒక్కనాడు తప్పలేదు.

ఇప్పుడు కుక్కపిల్లకు రెండేండ్లు. ఇప్పటికీ ఎడమకే తిరుగుతది, ఇప్పటికీ పక్క తడుపుతది. ఫిట్స్ తగ్గినయి గని పోలేదు. అత్తమ్మ చీర వాసన మాత్రం గుర్తుపడతది, ఆ దిక్కు మూతి తిప్పుతది. దాని చదువు అంతే.

మొన్న ఆ అపార్ట్‌మెంట్ ముందు నుంచి పోతుంటే కాళ్లు ఆగలే. పైకి పోయిన. ఒక మొగడు పెండ్లాం కుక్కపిల్లను ఎత్తుకొని చూస్తున్నరు. పెద్ద తల, ఉబికిన కండ్లు. "నడినెత్తి మీద వేలు పెట్టి చూడు చెల్లె," అన్న. ఆమె ఒత్తి చూసి గబుక్కున చెయ్యి గుంజుకున్నది. అమ్మేటాయన నా మీదికి ఒర్రిండు. ఈసారి నేనూ ఒర్రిన. రెండేండ్ల కిందటి మాటలన్నీ, మెషీన్ మాటతోని సహా, అన్న. ఆ జంట అంత విని, థాంక్స్ అక్కా అని, అదే బుట్టల నుంచి ఇంకోదాన్ని తీసుకున్నరు. "దీని తల గట్టిగనే ఉన్నది కదక్కా!"

ఇంటికొచ్చి అత్తమ్మకు చెప్పిన. కోపంతోని నాకు ఏడుపొస్తున్నది. ఆమె మందు కలుపుతున్న చెంచా కింద పెట్టింది. "ఆ మెత్తది ఏమైంది?"

"బుట్టలనే ఉన్నది."

"రేపు నేనొస్త. ఇద్దరం పోదాం."

లీవు పెట్టిన. మధ్యల నాలుగుసార్లు కూసోబెట్టి ఆమెను రెండంతస్తులు ఎక్కించిన. బుట్టల అది లేదు. "అమ్ముడుపోయింది," అన్నడు. "ఎవలికి?" అంటే చెప్పలే. తలుపు మొఖం మీద వేసిండు.

నేను తలుపు బాదిన. అత్తమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. మెట్టు మీద కాళ్లు చాపుకొని కూసున్నది. "నువ్వు ఇంటికి పోయి మన దానికి మందు వేసి రా," అన్నది. "నేను ఈడనే ఉంట. కొననీకి వచ్చేటోళ్లకు చెప్త."