కోచ్ మారాడు, నా మీసం పోయింది

యూరప్‌లో ఒక ఫుట్‌బాల్ జట్టు కోచ్‌ని మార్చింది, కోయిలకుంట్లలో మా నాయన చనిపోయాడు. కంగారు పడకండి, ఆయన ఇప్పుడు లోపల కూర్చుని సజ్జరొట్టె తింటున్నాడు. ఈ రెంటికీ సంబంధమేమిటో ఆరోజు మా ఇంటికొచ్చిన వాళ్లకు విడివిడిగా వివరించాను. ఒక్కరికీ అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, సగంలోకి వచ్చేసరికి నాకే దారి తప్పేది. మీరైనా కాస్త ఓపిక పట్టి వినండి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. నాయన ఎరువుల అంగట్లో కూర్చుని, గిరాకీ లేనప్పుడల్లా ఫోన్‌లో ఫాంటసీ ఫుట్‌బాల్ ఆడేవాణ్ణి. కాలు కదపక్కర్లేని ఆట అది. ఎక్కడో నిజంగా ఆడే ఆటగాళ్లలోంచి పదకొండు మందిని మనం ఏరుకుంటాం. వాళ్లు అక్కడ చెమటోడిస్తే మనకిక్కడ పాయింట్లు. ముందుండేవాడికి గోల్ కొడితే పాయింట్లు, వెనకుండి అడ్డుకునే డిఫెండర్‌కి గోల్ పడకపోతే పాయింట్లు, వరసపెట్టి పడితే కోత. అంటే డిఫెండర్‌ని ఏరుకున్నవాడు తొంభై నిమిషాలూ ఏమీ జరక్కుండా చూడు స్వామీ అని మొక్కుకుంటూ కూర్చోవాలి. వానల్లేని ఏడాది ఎరువుల అంగట్లో కూర్చున్నవాడికి ఏమీ జరక్కపోవడం బాగా అలవాటే.

మేం ఎనిమిది మంది బడి స్నేహితులం లీగ్ పెట్టుకున్నాం. సీజన్ ఆఖరుకి అందరికన్నా అడుగున ఉన్నవాడు మీసం తీసేయాలని పందెం. పందెం పెట్టింది ఎవరనుకున్నారు? నేనే. అప్పటికి నేను మొదటి స్థానంలో ఉన్నాను మరి. పైగా ఎనిమిది మందిలో ఒత్తయిన మీసం నాదే. మా వైపు నాయన బతికుండగా కొడుకు మీసం తీయడు. తీస్తే దానికి ఒకటే అర్థం. ఆ ఒక్క సంగతీ పందెం కాసేటప్పుడు నా బుర్రకు తట్టలేదు. గెలుస్తున్నవాడికి ఓడినవాడి కష్టాలు ఎందుకు తడతాయండీ?

ఆఖరి వారానికి నేను జారి జారి ఏడో స్థానానికి వచ్చాను. ఎనిమిదోవాడు ఖాజా, సెల్‌ఫోన్ రిపేరు అంగడివాడు, నాకన్నా ఆరు పాయింట్లు వెనక. వాడి మీసం పెన్సిల్‌తో గీసినట్టుండేది. అది పోయినా వాళ్లావిడ కూడా గమనించదు. నేను ఏమీ కదపకుండా ఊరుకుంటే గట్టెక్కేవాణ్ణి. ఊరుకోవడమనేది మా వంశంలో లేదు.

ఆ బుధవారం ఎర్రచొక్కాల జట్టొకటి పాత కోచ్‌ని తీసేసి కొత్తాయన్ని పెట్టింది. ఆయన ఆడే రోజుల్లో డిఫెండరట. అది చదివి నా ఒళ్లు పులకరించింది. సీమలో పుట్టినవాడికి ఎవరూ నేర్పక్కర్లేని లెక్క ఒకటుంది: నాయకుడు మారితే ముందు బాగుపడేది ఆయన వర్గమే. డిఫెండరు కోచ్ అయ్యాడంటే ఇక డిఫెండర్లదే రాజ్యం. వెంటనే నా జట్టులో ఏడాదిగా బుద్ధిగా ఆడుతున్న నలుగురు డిఫెండర్లనూ పీకేసి, ఎర్రచొక్కాల నలుగురినీ పెట్టుకున్నాను. ఆ తెలివి దాచుకోలేక ఖాజాకు చెప్పాను కూడా.

వాడు ఎవరిదో ఫోన్ విప్పుతూ, తలెత్తకుండానే అన్నాడు. “ఆయనా డిఫెండరే గదప్పా శీనా. వీళ్లు యాడ దొంగాట ఆడతారో ఆయనకు తెల్సు. అమ్మ పుట్టినిల్లు మేనమామకు తెలీదా?”

“నీకు రాజకీయం తెల్దులే” అన్నాను.

శనివారం సాయంత్రం వాడి అంగట్లోనే మ్యాచ్ చూశాం. ఆట మొదలుకాకముందే జట్టు వివరాలు వచ్చాయి. నా నలుగురిలో ఇద్దరు బెంచీ మీదున్నారు. బెంచీ మీద కూర్చున్నవాడికి సున్నా. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, కొత్త కోచ్ పాత మొహాలెరగడు. మూడోవాణ్ణి ఆయన ముందుకు తోసి గోల్ కొట్టుకు రమ్మన్నాడు. వాడు పాపం అలవాటు లేని చోట ఎవరి కాలో తొక్కి, తప్పాటకు రెఫరీ చూపే పసుపు కార్డు తెచ్చుకున్నాడు. దానికీ కోతే. ఇక నావాళ్లలో నాలుగోవాడొక్కడే వెనక కాపలా. ఐదు గోల్స్ పడ్డాయి. నాకు రావలసినవి రాకపోగా ఉన్నవి కోసేశారు. ఖాజా ఏడో స్థానానికి ఎక్కాడు. ఆట అయిపోయాక వాడు టీవీ ఆపి, నా మూతి వైపు చూసి, “పాపం, శానా బాగుండె” అన్నాడు.

ఆదివారం పొద్దున్నే నాయన ఓర్వకల్లులో ఎవరిదో గృహప్రవేశానికి తొలి బస్సుకు వెళ్లాడు. ఫోన్ ఎప్పటిలాగే దేవుడి గూట్లో మరిచిపోయాడు. నేను సెలూన్ నాగన్న దగ్గర కూర్చుని మీసం తీసెయ్యమన్నాను. ఆయన చేతిలో కత్తెర పక్కన పెట్టాడు.

“నాయన బాగుండాడు గదా?”

“ఓర్వకల్లులో ఉండాడు. నువ్వు తియ్యి నాగన్నా.”

“ఏమైందప్పా?”

“కోచ్ మారినాడు” అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత కాదన్నా ఎనిమిదేళ్ల మీసం. దుఃఖంలో పిల్లోడికి మాట తడబడుతోందని నాగన్న అనుకున్నాడట. పని అయ్యాక భుజం నిమిరాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. మంచి మనిషి అనుకుని వచ్చేశాను. మూతికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని, అమ్మకు పంటినొప్పని చెప్పి, మిద్దె మీద గదిలో పడుకున్నాను.

మధ్యాహ్నం కింద నుంచి ఏడుపులు వినిపించాయి. దిగొచ్చి చూస్తే వాకిట్లో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, నిండా జనం. వచ్చినవాళ్లు అమ్మ చేతులు పట్టుకుని ధైర్యంగా ఉండమంటున్నారు. ఏమైందని ఆమె అడిగితే తల తిప్పుకుంటున్నారు. ఓర్వకల్లు దారిలో ఏదో జరిగిందని ఆమెకు తనకు తానే అర్థమై కూలబడిపోయింది. పక్క వీధిలో ఉండే మా మేనత్త నన్ను వాటేసుకుని, “మా అన్న మనకు లేడు గదరా శీనా” అంది.

ఎవరు చెప్పారు, ఎప్పుడు జరిగింది అని ఒక్క మాట అడగాలి కదా? అడగలేదు. వాళ్లందరూ నా మూతి సంగతి విని నమ్మారు, నేను వాళ్లను చూసి నమ్మాను. ఆ గడప మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. తెల్లవారుజామున ఆయన వెళ్లొస్తానంటే ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదని గుర్తొచ్చి ఇంకా ఏడ్చాను. ఇన్నేళ్లయినా ఆ ఒక్క చోట మాత్రం నాకు నవ్వు రాదు.

నాలుగింటికి నాయన బస్సు దిగి వచ్చాడు. షామియానా మా ఇంటికీ పక్కింటికీ అడ్డంగా ఉండడంతో పక్కింటి ముసలాయన పోయాడనుకున్నాడట. చెప్పులు విడిచి వెనక వరసలో కూర్చుని, పక్కాయన్ని గొంతు తగ్గించి ఎవరని అడిగాడు. ఆయన తల దించుకునే, “ఎరువుల అంగడాయన. శానా మంచోడు. ఒకర్ని నొప్పించింది లేదు” అన్నాడు. నాయన వెంటనే లేవలేదు. ఇంకాసేపు కూర్చుని విన్నాడు. తను అంత మంచివాడని అంతవరకు తనకే తెలియదని తర్వాత ఒప్పుకున్నాడు.

అమ్మే ముందు చూసింది. పరుగెత్తుకొచ్చి ఆయన చేయి గట్టిగా గిల్లి, ఆయన అబ్బా అనేదాకా వదలక, మళ్లీ ఏడుపు మొదలుపెట్టింది. ఈ ఏడుపు వేరు. తర్వాత విచారణ జరిగింది. ఒకరు ఇంకొకరు చెప్పారన్నారు, ఆ ఇంకొకరు మరొకరి పేరు చెప్పారు, చివరికి అందరూ నాగన్న దగ్గర ఆగారు. నాగన్న నా మూతి వైపు వేలు చూపించాడు. నేను చేతిగుడ్డ తీసి కోచ్ దగ్గర్నుంచి కథంతా చెప్పాను.

ఒక పెద్దాయన శ్రద్ధగా విని, “అయితే ఆ కోచ్ సచ్చిపోయినాడా?” అని అడిగాడు.

“లేదు తాతా, బాగుండాడు.”

“మరి మీసమెందుకు తీస్తివి?”

నాయన తిట్టలేదు, కొట్టలేదు. టవల్ దులిపి భుజాన వేసుకుని తీర్పు చెప్పాడు. “మీసం మొలిచేదాకా నువ్వు యాడికి పోయినా బండి మీద ఎనక నన్ను కూర్చోబెట్టుకొని పోవాల. నేను ఉండానని జనానికి కనపడాల.”

నెలన్నర పాటు నా బండి వెనక నాయనే. టీ తాగడానికి పోయినా నాయనే, సినిమాకు పోయినా పక్క సీట్లో నాయనే. ఒకరోజు నంద్యాలలో ఆయనకు తెలిసిన విత్తనాల వ్యాపారి ఎదురై, నా మూతి చూసి మొహం వాడ్చుకుని, “అయ్యో, ఎవరప్పా పోయింది?” అని అడిగాడు.

నాయన నిట్టూర్చాడు. “నలుగురప్పా. అందరూ డిఫెండర్లే.”

ఆ వ్యాపారి నా చేయి రెండు చేతులా పట్టుకుని, “ఒకే దినమా?” అన్నాడు. నేను తలూపాను.

కాబట్టి పైపెదవి మీద చేయి వేసి, మీ అందరి సాక్షిగా చెబుతున్నాను. ఏ దేశంలో ఏ కోచ్ మారినా, ఆయన ఏ వర్గం వాడైనా, ఏడాదిగా నమ్ముకున్న డిఫెండర్లను ఆఖరి వారంలో కదపను గాక కదపను. బుద్ధి గడ్డి తిని కదిపితే, పందెం మాత్రం గడ్డం మీదే కాస్తాను. అది తీస్తే ఊళ్లో ఎవరూ కుర్చీలు వేయరు.