నేను చెప్పని మాట

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వీధుల్లో ప్రచార ఆటోల మైకులోంచి చాలా ఏళ్ళు వినిపించింది నా గొంతే. బట్టల దుకాణాలు, పశువుల టీకాలు, కరెంటు కోతలు, ఏ ప్రకటనైనా నేనే చదివి రికార్డు చేసి ఇచ్చేవాణ్ణి. గొంతు పాడై, మాట బొంగురుపోయాక ఆ పని మానేశాను.

నిరుడు ఎండాకాలం కోదాడ బస్టాండు బయట టీ తాగుతుంటే ఒక ఆటో వచ్చింది. మునగాలలో మందుల క్యాంపు ఉందని, ఒక్క డబ్బాతో మోకాళ్ళ నొప్పులు ఖతమని నా పాత గొంతు చెబుతోంది. ఆ మాటలు నేనెన్నడూ అనలేదు. ఆటో ఆపి అడిగాను. పాత రికార్డులు ఏఐకి వినిపించి, ఏది రాసిస్తే అది ఆ గొంతుతోనే చదివిస్తున్నారట. డ్రైవరుకు అంతకు మించి తెలియదు.

స్టేషన్‌కు వెళ్తే ఎస్సై ఓపిగ్గానే విన్నాడు. ఖాతాలోంచి ఏమైనా పోయిందా అని అడిగాడు. లేదన్నాను. మరి ఏం పోయిందని రాసుకోవాలో ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. తెలిసిన వకీలును కలిశాను. మనిషి గొంతు మీద ఆ మనిషికే హక్కు ఉండాలని కొన్ని దేశాల్లో చట్టాలు రాస్తున్నారని, ఇక్కడ కేసు వేయాలంటే ముందు ఆ గొంతు నాదేనని రుజువు చేయాలని చెప్పాడు. నా ఇప్పటి గొంతు విని ఆయనే నిట్టూర్చాడు.

ఈలోగా మా ఊరు చివ్వెంలలో పక్కింటి పెద్దమ్మ ఆ మందు తిని, ముఖం, కాళ్ళు వాచి మంచం పట్టింది. చూడటానికి వెళ్ళాను.

"నువ్వు జెప్పినవ్ గదా అని పోయిన బిడ్డా" అంది.

అది నేను కాదని, మిషన్ మాట్లాడిందని చెప్పాను. ఏఐ గొంతును ఎలా తయారుచేస్తుందో ఫోన్‌లో చూపించి మళ్ళీ చెప్పాను.

"నీ గొంతు నాకెరుక లేదా? నీ సిన్నప్పటిసంది ఇంటున్న" అంది. ఆ మాటలో కోపం లేదు. మళ్ళీ తనే, "పోనీ తియ్యి. నీకు గూడ తెల్వక జెప్పి ఉంటవ్" అంది.

చేయని తప్పుకు నన్ను క్షమించేసింది. ఇక వాదించే ఓపిక నాకు లేకపోయింది. ఆటో మాట్లాడి సూర్యాపేట దవాఖానకు తీసుకెళ్ళాను. ఈ మందు ఎవరు తినమన్నారని డాక్టరమ్మ అడిగింది. పెద్దమ్మ నా వైపు ఒకసారి చూసి, "ఎవరో మైకుల జెప్పిండ్రమ్మా" అంది.

వాపు మెల్లగా తగ్గింది. ఆ మందుతో దెబ్బతిన్న మూత్రపిండాలకు మాత్రం ఇంకా చికిత్స తీసుకుంటోంది. ఆ ప్రచార ఆటో ఇప్పుడు నా గొంతుతోనే మిర్యాలగూడలో తిరుగుతోందని మొన్న ఎవరో చెప్పారు.