మందలో ఒకటి ఎక్కువ

మా మేనమామ పోయాడని కబురు వచ్చినప్పుడు నేను మిర్యాలగూడలో, మా ఇంట్లో, రాత్రి అన్నానికి బియ్యం కడుగుతున్నాను. ఫోన్ చేసింది చిన్న మామ, అంటే ఆయన తమ్ముడు.

"బిడ్డా, అన్న పోయిండు. గొర్రెలన్ని దొడ్లకొచ్చినంక తడిక కాడ కూసున్నడు. కూసున్నోడు కూసున్నట్టే పోయిండు."

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఎట్లా జరిగిందని అడగలేదు. ఏడవలేదు. "ఇయ్యాల లెక్క ఎంతొచ్చింది?" అని అడిగాను.

చిన్న మామ "నువ్వు రా బిడ్డా. వచ్చినంక చెప్త" అన్నాడు.

మా మామది కోదాడ అవతల, అనంతగిరి దగ్గర పల్లె. పుట్టినప్పటి నుంచి గొర్రెల కాపరి. ఆయనకూ అత్తకూ పిల్లలు లేరు. నేను కోదాడలో హైస్కూలు చదివిన ఐదేళ్లూ వాళ్లింట్లోనే పెరిగాను. అత్త తెల్లవారుజామునే లేచి నాకు జడలు వేసేది. మామ చదువుకోలేదు. కానీ లెక్కల టీచరునైన నాకు లెక్క మీద మొదటి భయమూ భక్తీ నేర్పింది ఆయనే.

పొద్దుగూకుతుంటే మంద ఇంటికి వచ్చేది. దొడ్డికి ఒకటే దారి, దానికి కంపతో అల్లిన తడిక. మామ తడిక పక్కన ఎడమ దిక్కు నిలబడి, దాన్ని ఒక్క గొర్రె పట్టేంత మాత్రమే తెరిచేవాడు. ఒక్కొక్కటి లోపలికి పోతుంటే చేతిలోంచి ఒక్కొక్క గులకరాయి గిన్నెలో వేసేవాడు. కళ్లు మాత్రం గొర్రెల మీదే ఉండేవి. ఏది కుంటుతోంది, దేనికి ముక్కు కారుతోంది, ఏది తల్లిని వెతుక్కుంటోంది, అన్నీ ఆ కాసేపట్లోనే చూసుకునేవాడు.

ఒకసారి వానలో ఒక రాయి చేతిలోనే మిగిలిపోయింది, అంటే ఒక గొర్రె రాలేదు. అన్నం ముందు పెట్టుకున్నవాడు లేచి, గొంగడి కప్పుకుని కాలువ గట్టు వెంట పోయి, బురదలో దిగబడిన పిల్లను భుజాన వేసుకుని వచ్చాడు. "రేపు పొద్దున పోతే ఏమైతది మామా?" అని అడిగాను. "తక్కువొస్తె ఎతకాలె బిడ్డా. ఎక్కువొస్తె ఊకోవాలె" అన్నాడు. ఎక్కువ ఎందుకు వస్తుందని అప్పుడు నేను అడగలేదు.

అత్త మూడేళ్ల కింద పోయింది. ఆ తర్వాత మామ ఒక్కడే ఉంటున్నాడని నేనొక స్మార్ట్‌ఫోన్ కొనిపెట్టాను. మాట్లాడటం కంటే ఎక్కువగా ఆయన దానిలోని కాలిక్యులేటర్‌ను వాడాడు. ఆ కిటుకు నేనే నేర్పాను. సున్నా, ప్లస్, ఒకటి నొక్కి, ఆ తర్వాత గొర్రెకొకసారి ఈజ్ ఈక్వల్ టు గుర్తు నొక్కుతూ పోవడమే. నొక్కినప్పుడల్లా ఒకటి పెరిగేది. చూడకుండానే బొటనవేలు ఆ గుర్తు మీద ఉండేది, కళ్లు గొర్రెల మీద ఉండేవి. "రాళ్ల కంటె నయం. చెయ్యి నొయ్యదు" అని సంబరపడ్డాడు. ఎండాకాలం మందను మఠంపల్లి దిక్కు కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయినప్పుడు కూడా రాళ్లు వెంట తీసుకుపోలేదు.

పోయిన చలికాలం నేను వెళ్లినప్పుడు ఫోన్ తెర మీద అప్‌డేట్ చేయమని అడుగుతోంది. ఎప్పటి నుంచి అడుగుతోందో ఏమో. ఆయనకు తెలియదు కదా అని నేనే నొక్కేసి బస్సెక్కాను.

మరునాడు సాయంత్రమే ఫోన్ చేశాడు. "బిడ్డా, నా లెక్కను ఎవలో ఎత్కపోయిర్రు. ఎంత నొక్కినా ఒకటి కాడనే నిలబడ్డది."

కొత్త కాలిక్యులేటర్‌లో ఈజ్ ఈక్వల్ టు ఒక్కసారే పనిచేస్తుంది. మళ్లీ నొక్కితే పలకదు. మొత్తం తుడిచే మీట ఉండే చోట ఒక్కొక్క అంకెనే తుడిచే బాణం గుర్తు వచ్చింది. మీటలన్నీ గుండ్రంగా మారి కొంచెం పక్కకు జరిగాయి. ప్రతి గొర్రెకూ ఒకటి, ప్లస్ అని రెండుసార్లు నొక్కాలి. దానికి తెరను చూడాలి. తెరను చూస్తే గొర్రెను చూడలేడు. మళ్లీ రాళ్లు పట్టుకోమని చెప్పాను. వేళ్లు వంకరపోయాయి, రాయి ఒక్కటే జారదు, రెండు మూడు జారుతున్నాయన్నాడు.

వారం తిరక్కముందే జరగరానిది జరిగింది. ఆయన మంద ఎనభై ఆరు. ఆ సాయంత్రం ఫోన్‌లో ఎనభై ఆరే వచ్చింది. తడిక వేసి పడుకున్నాడు. పొద్దున చూస్తే ఒక పిల్ల లేదు. చేన్లో కుక్కలు పీకేసిన తోలు దొరికింది. లోపలికి వచ్చినవి ఎనభై ఐదే.

"నేను ఎతకలే బిడ్డా. లెక్క సరిపోయిందని ఎతకలే" అని ఫోన్లో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ అప్‌డేట్ నొక్కిన వేలు నాది. ఆ మాట ఆయన ఒక్కసారి కూడా అనలేదు. అననందుకే నాకు నిద్ర పట్టలేదు.

సూర్యాపేటలో తెలిసిన ఫోన్ దుకాణం ఉంటే ఆయన్ను అక్కడికి తీసుకుపోయాను. దుకాణంలో ఉన్న అమ్మాయి ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసింది. "పాతది ఇగ రాదు తాతా. ఇది ముందుకే పోతది, ఎనుకకు పోదు" అంది. ఇంకో యాప్ వేస్తానంది. మామ వద్దన్నాడు. బస్టాండులో కూర్చున్నాక మెల్లగా అసలు సంగతి చెప్పాడు. "అది తప్పు సూపెడ్తలేదు బిడ్డా. దినాం ఒకటే ఎక్కువ సూపెడ్తది. రెండు గాదు. ఒకటే. ఎండలనైనా, మబ్బులనైనా."

ఆయన చూపు సన్నగిల్లిందనుకున్నాను. వచ్చే ఆదివారం నేనే లెక్కపెడతానన్నాను.

ఆ ఆదివారం తడిక పక్కన నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. ఎదురుగా చిన్న మామ గిన్నెలో రాళ్లు వేస్తున్నాడు. మామ మాత్రం ఊరికే చూస్తున్నాడు. గొర్రెకొకసారి ఒకటి, ప్లస్. నేను లెక్కల టీచరును, తొందరపడే మనిషిని కాదు. చివరి గొర్రె, చెవి చీలిన ముసలిది, లోపలికి పోయింది. దాని వెనక తడిక దగ్గర కొంచెం దుమ్ము లేచింది. నా మోకాలి పక్కనుంచి ఏదో రాసుకుపోయినట్టు చీర కుచ్చిళ్లు కదిలాయి. ఆనాడు గాలి లేదు.

చిన్న మామ రాళ్లు ఎనభై ఐదు. నా చేతిలో ఎనభై ఆరు.

కొత్త కాలిక్యులేటర్ చేసిన లెక్కలన్నీ దాచిపెడుతుందని అప్పుడే చూశాను. వేలితో పైకి జరిపితే రోజుకొక వరుస. పిల్ల పోయిన నాటి నుంచి ప్రతి వరుస చివరా ఎనభై ఆరే. నా వరుసలోని ఒకట్లను వేలు పెట్టి మూడుసార్లు లెక్కపెట్టాను. ఎనభై ఆరు ఒకట్లు ఉన్నాయి. ఆఖరిది నేను నొక్కినట్టు నాకు గుర్తులేదు. నొక్కలేదని చెప్పడానికీ గుర్తులేదు.

"మామా, నా వేలే జారిందేమో" అన్నాను.

మామ నవ్వలేదు. తడికకు తాడు కడుతూ, "మీ అత్త ఎప్పుడు ఆఖరుకే వస్తుండె" అన్నాడు. "మందెనుక కట్టె పట్కోని వచ్చేది. ఆమెకు గూడ ఒక రాయి ఏస్తుంటి. నువ్వొక గొర్రెవే అంటె కోపమొచ్చి కట్టెతోని పొడిచేది. మా ఇంట్ల ఎప్పుడు ఒకటి ఎక్కువే ఉండె బిడ్డా. ఆమె పోయినంకనే సరిపోయింది."

చిన్న మామ గిన్నె పట్టుకుని గబగబా ఇంటి దిక్కు నడిచాడు. ఈ ఫోన్ నేను తీసుకుపోతా, రాళ్లే వాడుకుందాం అన్నాను. మామ చెయ్యి చాపి ఫోన్ తీసుకుని, గొంగడి కొసతో తుడుచుకున్నాడు. "ఉండనియ్. ఎంతొస్తె అంట్ల ఒకటి తీసేస్త. లెక్కనే గద. ఇంకోటి ఏదన్న నొక్కుమని అడుగుతె మాత్రం నొక్కకు" అన్నాడు.

ఆ తర్వాత ఆయనకు ఫోన్ మీద కోపం పోయింది. సాయంత్రం నేను ఫోన్ చేస్తే మంచిగుంది అనేవాడు. ఎవరు మంచిగున్నారో చెప్పేవాడు కాదు. చిన్న మామ మాత్రం ఆ వేళకు దొడ్డి దగ్గరికి రావడం మానేశాడు. ఒక్క పిల్ల కూడా మళ్లీ తప్పిపోలేదు. ఒకరోజు ఫోన్ ఎనభై ఐదు చూపిస్తే, అందులో ఒకటి తీసేస్తే ఎనభై నాలుగే కదా, ఒక గొర్రె తక్కువైందని ఆయన వెంటనే బయలుదేరి, అవతలి ఊరి మందలో కలిసిన పొట్టేలును తోలుకొచ్చాడు. నాకు భయం పోలేదు కానీ, ఆయన్ను చూసి నేనూ ఊరుకోవడం నేర్చుకున్నాను.

మామ పోయిన నాటి సంగతి చిన్న మామ నాకు శవం పక్కన కూర్చుని చెప్పాడు. ఆ సాయంత్రం ఎందుకో ధైర్యం చేసి దొడ్డి దగ్గరికి పోయాడట. మామ లెక్క ముగించి ఫోన్ దిక్కు చాలాసేపు చూశాడట.

"ఎంతన్నా?" అని అడిగాడట ఈయన.

"ఎనభై ఐదు."

"ఒకటి తప్పిందా? ఎతుకుదామా?"

"లేదురా. గొర్రెలు గొర్రెలే సరిపోయినయ్. ఆమె లోపలికి రాలె" అన్నాడట మామ. తడిక సందులోంచి బయటికి చూశాడట. "గాడనే నిలబడ్డది. రమ్మంటె వస్తలేదు. నన్నే రమ్మంటున్నదేమో." ఆ తర్వాత తడికకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చున్నాడట. చిన్న మామ మంచినీళ్లు తెచ్చేలోపే అయిపోయింది.

మామను మట్టి చేసిన మరునాడు కూడా మంద మేతకు పోక తప్పలేదు. సాయంత్రం నేను బస్సుకు బయలుదేరుతూ దొడ్డి ముందు ఆగాను. చిన్న మామ వెనకనుంచి తోలుకొస్తున్నాడు. తడిక పూర్తిగా తెరిచి ఉంది, పక్కన ఎవరూ నిలబడలేదు, ఎవరూ లెక్కపెట్టడం లేదు. అయినా ముందు నడిచే పొట్టేలు తడిక దగ్గర ఆగి, ఒక క్షణం తల ఎత్తి చూసి, కుడి దిక్కుకు ఒరిగి లోపలికి పోయింది. దాని వెనక అన్నీ అట్లాగే, ఒక్కొక్కటిగా, కుడి కంపకు ఒళ్లు రాసుకుంటూ, ముళ్లకు ఉన్ని వదిలేస్తూ పోయాయి. ఎడమ దిక్కున ఇద్దరు మనుషులు నిలబడేంత జాగా ఉంది. చివరి గొర్రె పోయేదాకా దానిలో ఒక్క డెక్క కూడా పడలేదు.