గుంట ఉందాండీ?

మా వాళ్ళిళ్ళల్లో ఏ పెళ్ళి జరిగినా, రెండో బంతి విస్తళ్ళు లేచేలోపు మా పెద్దబావ ఈ కథ ఎత్తుకుంటాడు. ఆయన చెప్పే కథలో పెడన నేతవాళ్ళు ఎంత అమాయకులంటే, మరుగుదొడ్డి ఉందా అని అడిగితే మగ్గం చూపించారట. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతారు. అది కాదు జరిగింది అని నేను ఇరవయ్యేళ్ళుగా మొదలుపెడుతూనే ఉన్నాను, నువ్వుండవే, బావని చెప్పనీ అని వాళ్ళు ఇరవయ్యేళ్ళుగా నా నోరు మూయిస్తూనే ఉన్నారు. ఆయన అక్కడ లేడు. నేనున్నాను. ఆ కథలో అమాయకులెవరో ఆయనకంటే నాకే బాగా తెలుసు. అందుకే ఈసారి ఎవరూ మధ్యలో అడ్డురాని చోటు చూసుకుని, కాగితం మీద చెబుతున్నాను.

ఆ రోజుల్లో బి.ఏ. పాసయిన ఆడపిల్లకి బందరులో రెండే పనులుండేవి: పోటీ పరీక్షలకి చదవటం, పెళ్ళివారొస్తే కాఫీ అందించటం. నేను మూడోది కనిపెట్టాను, వాదించటం. మా తాతగారు బడిపంతులు, నాన్నగారు హైస్కూల్లో గుమాస్తా. మా ఇంట్లో దేనికి కరువున్నా మాటలకి లేదు. పైగా నేను చదివింది సమాజశాస్త్రం కాబట్టి సమాజం నాకు క్షుణ్ణంగా తెలుసని నా నమ్మకం (ఆ పేపర్లో మార్కులు కూడా బాగానే వచ్చాయి మరి). అలాంటి సమయంలో ఒక సర్వే ఉద్యోగం దొరికింది. ఏ ఇంట్లో మరుగుదొడ్డి ఉంది, ఏ ఇంట్లో లేదు అని రాసుకురావాలి. లేనివాళ్ళ పేర్లు జాబితాకెక్కితే వాళ్ళకి కట్టిస్తారు. మా పైన ఒక రిటైరైన మాస్టారుండేవారు. ఫారంలో ఒక్క గడి ఖాళీగా కనిపించినా ఆయనకి అన్నం సహించేది కాదు. మేం గళ్ళ మాస్టారనేవాళ్ళం. నాకు పడింది పెడనలో ఒక నేతవీధి.

పెడన మాకెంత దూరం కనక? పాసింజరెక్కి, సీటు తుడుచుకుని కూర్చునేలోపు వచ్చేస్తుంది. ఆ రోజు నేను కట్టుకున్న చీర కూడా అక్కడ నేసిందే. అయినా అప్పటిదాకా ఒక్క నేతింటి గడప లోపల కాలుపెట్టి ఎరగను. బయల్దేరుతుంటే అమ్మ ఒక నీళ్ళ సీసా చేతిలో పెట్టి, కనిపించిన చోటల్లా నీళ్ళు తాగకు, కామెర్లొస్తాయి అంది. ఆ జాగ్రత్తకి అసలు పేరు కామెర్లు కాదని తనకీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసీ సీసా పట్టుకెళ్ళాను.

ఇక్కడ నా గురించి ఒక నిజం ఒప్పుకోవాలి. ఎవరితోనైనా, దేనిమీదైనా వాదించే నాకు, నాన్న వయసు మగవాళ్ళు అటూ ఇటూ తిరుగుతున్న వీధిలో నిలబడి ‘మరుగుదొడ్డి’ అనటానికి నోరు రాలేదు. ఫారంలో ‘మరుగుదొడ్డి గుంట ఉన్నదా?’ అని అచ్చక్షరాల్లో ఉంది. నేను మొదటి మాట మింగేసి మిగతాది అడిగాను. నేతింట్లో గుంట అంటే ఒక్కటే గుంట. మగ్గం కింద నేలలో తవ్వి ఉంటుంది. అందులోకి కాళ్ళు దించి కూర్చుని, అడుగున కర్రలు తొక్కుతూ నేస్తారు. బందరులో పుట్టి, పెడన చీర కట్టి, సమాజశాస్త్రం చదివిన నాకు ఈ సంగతి తెలియదు.

మొదటింటి అరుగు మీద ఒకావిడ రాట్నం ముందు కూర్చుని కండెలకి నూలు చుడుతోంది. (తర్వాత్తర్వాత ఆవిడ నాకు కండెల పిన్ని అయింది.) నేను అరుగు చివర జేబురుమాలు పరుచుకుని కూర్చుని, ఫారం తీసి, గొంతు తగ్గించి అడిగాను.

“గుంట ఉందాండీ?”

ఆవిడ రాట్నం ఆపి నన్నో చూపు చూసింది. నా సీసానీ చూసింది. “గుంట లేకుండా ఎలా బతుకుతామండీ, అమ్మాయిగారూ,” అంది.

ఎంతమంది వాడతారన్నాను. మా ఆయన, ఆయన లేస్తే నేనూ అంది. వాడకం వివరాలన్న గడి నింపాలి కాబట్టి రోజుకి ఎంతసేపన్నాను. పొద్దున్నే దిగితే దీపాలవేళకే పైకి రావటం, మధ్యలో అన్నానికి లేస్తారు అంది. నా పెన్ను ఒక్క క్షణం ఆగింది, అయినా రాశాను. పిల్లలు వాడుతున్నారా అంటే, కాళ్ళు అందాలి కదండీ అంది. వానాకాలం నీళ్ళొస్తాయా అంటే, నిండిపోద్దండీ, ఇక ఆ నాలుగు రోజులూ పస్తులే అంది. గుంటకీ పస్తుకీ సంబంధమేమిటో తట్టలేదు (తినకపోతే గుంటతో పనేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను). లోపలే ఉంది, వచ్చి చూస్తారా అని కూడా అడిగింది. పరాయివాళ్ళింట్లో అది చూడాలని ఎవరికుంటుంది? వద్దులెండి, మీ మాట చాలు అన్నాను, పెద్ద ఔదార్యం చూపిస్తున్నట్టు. లోపల్నుంచి మగ్గం టకటకమంటూనే ఉంది. ఈలోగా చుట్టుపక్కల ఆడవాళ్ళంతా చేరి విన్నారు. తర్వాత ప్రతి ఇంటా పిన్ని చెప్పిందే చెప్పారు. వీధి మొత్తం అరుగుల మీదే పూర్తిచేసి, చివర రిమార్కుల గడిలో నా చదువు చూపించుకున్నాను: ‘ఈ వీధివారిలో మలబద్ధకం తీవ్రంగా ఉన్నది. వైద్య శిబిరం అవసరం.’

ఫారాలు చూసి గళ్ళ మాస్టారు మురిసిపోయారు. వీధి వీధంతా గుంటలే, పైగా నూటికి నూరు మందీ వాడకం. ఆదర్శ వీధి అని బోర్డు పెట్టిద్దాం, ముందు ఒక ఫోటో తీసుకొద్దాం పద అని, నెల తిరక్కుండా కెమెరాతో నన్ను వెంటబెట్టుకుని వచ్చారు. మాస్టారికి నాకున్న మొహమాటం లేదు. సరాసరి పిన్ని ఇంట్లోకి నడిచి, ఏదమ్మా గుంట అన్నారు. పిన్ని చూపించింది. అందులో బాబాయి, అంటే వాళ్ళాయన, నడుం దాకా దిగి నేస్తున్నాడు. కెమెరా చూసి, పాపం, జుట్టు సర్దుకున్నాడు. మాస్టారు ఫారం వైపు చూశారు, బాబాయి వైపు చూశారు, చివరికి నావైపు చూశారు. ఆ చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

మరి మీరెక్కడికి వెళ్తారమ్మా అని మాస్టారు మెల్లిగా అడిగారు. చీకటి పడ్డాక రైలుకట్ట వైపు అంది పిన్ని. అందుకే పొద్దుట్నుంచీ నీళ్ళు ముట్టదట. రెండుసార్లు మంటా జ్వరమూ వచ్చి ఆసుపత్రికి వెళ్తే డాక్టరుగారు రోజుకి ఇన్ని గ్లాసులు తాగాలని చీటీ రాసిచ్చారట. తాగటానికి నీళ్ళున్నాయి బాబూ, తాగాక వెళ్ళటానికి చోటు రాసివ్వండి అని వచ్చేసిందట. చెబుతూ నవ్వింది. నాకు దాహమేసి సంచిలోంచి సీసా తీశాను.

“మీరు మా ఇంట్లో నీళ్ళు తాగరు, నేనూ మా ఇంట్లో నీళ్ళు తాగను,” అంది పిన్ని. “మన ఇద్దరికీ భలే కుదిరిందండీ.”

సీసా సంచిలో పెట్టేసి గ్లాసుడు నీళ్ళడిగాను. ఇచ్చింది. గడప దాటి లోపల, గంజి వాసన మధ్య నిలబడి తాగాను.

అసలు గొడవ తిరుగు రైల్లో మొదలైంది. ఈ ఏటి జాబితా వెళ్ళిపోయింది, ఇప్పుడు ఫారాలు మార్చాలంటే కారణం రాయాలి అన్నారు మాస్టారు. ఏం రాస్తారంటే, సమాచారం ఇచ్చినవారికి అవగాహన లేదని రాస్తానన్నారు. అవగాహన లేనిది నాకు, నా పేరు రాయండి అన్నాను. బోగీలో వాళ్ళంతా మావైపు తిరిగారు. నేను తగ్గలేదు. మాస్టారు ఫారం తిరగేసి మరగేసి, నిజంగానే బాధపడుతూ చెప్పారు.

“సర్వే చేసినవాళ్ళకి తెలీకపోతే రాయటానికి గడి లేదమ్మాయ్.”

నేను స్కేలు అడిగి తీసుకుని, ప్రతి ఫారం అడుగునా ఒక గడి గీశాను. అందులో ‘ప్రశ్న తప్పుగా అడిగినది నేను’ అని రాసి సంతకం పెట్టాను. మర్నాడే వెళ్ళి వీధి మొత్తం మళ్ళీ తిరిగాను. ఈసారి మగవాళ్ళున్నారో లేదో చూడకుండా ‘మరుగుదొడ్డి’ అని గొంతెత్తి అడిగాను (మూడో ఇంటి తాతగారు, వినపడింది తల్లీ, బంటుమిల్లి దాకా వినపడింది అన్నాడు). వీధి పేరు జాబితాకెక్కింది, కాకపోతే మరుసటేడు. అంటే నా సిగ్గు మూలాన కండెల పిన్ని ఇంకో ఏడాది పాటు పగలు నీళ్ళు తాగలేదు. ఈ ముక్క మా పెద్దబావ కథలో ఉండదు.

సర్వే అయిపోయాక కూడా చాలాకాలం ఏదో వంకతో పెడన వెళ్తుండేదాన్ని. అరుగు మీద కాదు, లోపల మగ్గం పక్కనే కూర్చునేదాన్ని. పిన్ని ‘మీరు’ మానేసి ‘నువ్వు’లోకి దిగింది. కండె చుట్టటం నేర్పింది. నేను చుట్టిన కండె వదులై దారం తెగితే, ఈ బందరు కండె ఎవరు పెట్టారే అని గుంటలోంచి బాబాయి కేకేసేవాడు. పెళ్ళయి గుడివాడ వచ్చాక రాకపోకలు పల్చబడ్డాయి. ఎవరూ వెళ్ళొద్దనలేదు, నేనే వెళ్ళలేదు. ఒక్కొక్క సాయంత్రం ఆ టకటక వినాలనిపించి, ఏ పనిలోనూ చెయ్యి ఆడదు.

మొన్న వేసవిలో వెళ్ళాను. ఇంటి వెనక తెల్ల టైల్స్ బాత్రూం, ఇంట్లో మగ్గం లేదు, గుంట పూడ్చి గచ్చు చేసేశారు. పిన్ని పోయి రెండేళ్ళయిందట. కోడలు నన్ను సరిగ్గా గుంట ఉన్నచోటే కుర్చీ వేసి కూర్చోబెట్టి, అత్తయ్య మీ కథ ఎన్నిసార్లు చెప్పేదో అంది. మీరు వచ్చే ముందురోజు ఎవరో ఆటోలో మైకు పెట్టి, రేపు మరుగుదొడ్ల లెక్కకి వస్తున్నారు, లేనివాళ్ళు లేవని రాయించుకోండి అని వీధి వీధీ తిరిగారటగా, అని మామూలుగా అనేసి కాఫీ కలపటానికి వెళ్ళింది.

మైకు పిన్నీ వినే ఉంటుంది. ఇంకెవరితోనైనా వాదించి తేల్చుకునేదాన్ని, పోయినావిడతో ఎలా? పిన్నీ, ఆ రోజు నేనేం అడుగుతున్నానో నీకు ముందే తెలుసు కదా. నా నోటికి రాని మాట నాచేత అనిపించటమెందుకని జాలిపడ్డావా, లేక జేబురుమాలు పరుచుకుని కూర్చున్న నాలాంటిదానితో ‘మాకు లేదు’ అని చెప్పటానికి నీకూ నోరు రాలేదా?