ఆమేన్ దాకా

పలాస ఫ్యాక్టరీలో జీడి పిక్కలు కొట్టే కరుణమ్మకు ఏ పనికైనా ముందే వరస కట్టుకోవడం అలవాటు. మనవరాళ్ళు గ్లోరీని, షారోనును విశాఖ దగ్గరి థీమ్ పార్కుకు తీసుకెళ్ళడానికి వారం ముందే, చూసొచ్చిన పక్కింటామెను కూర్చోబెట్టి అన్నీ అడిగింది. ఆకలి మీదున్న పిల్లలు ఏదీ చూడరు కాబట్టి ముందు భోజనం, తర్వాత బొమ్మల ఊరేగింపు. అది రోజుకు ఒక్కసారే. పార్కు హోటల్లో, బాగా కనబడాలని ఊరేగింపు వెళ్ళే దారి పక్క బల్లే పట్టుకుంది. కానీ భోజనం రావడం ఆలస్యమైంది.

పళ్ళేలు రాగానే, జీడి మరకలు పోని వేళ్ళతో కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. ఆమె ప్రార్థన పొట్టిది కాదు. సముద్రం మీద వేటకెళ్ళినవాళ్ళు, ఉద్దానంలో కిడ్నీలు పాడైనవాళ్ళు, ఈ అన్నం వండిన చేతులు, ఎవరినీ వదలదు. ఇంతలో డప్పులు దగ్గరయ్యాయి. దేవుడితో మాట్లాడుతూ మధ్యలో ఆపడం ఆమెకు చేతకాదు. గొంతు కొంచెం పెంచింది. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి మలుపులో గుడ్డ ఏనుగు తోక మాత్రం కనిపించింది.

తిరుగు రైల్లో చిన్నదాన్ని అడిగింది. "ఒక్క కన్నైనా తెరవలేదేటే?"

"ఆమేన్ దాకా తెరవొద్దని నువ్వే సెప్పేవు కదా మామ్మా," అంది షారోను.

ఇప్పుడు ఇంట్లో కరుణమ్మ ప్రార్థన రెండు మాటల్లో ముగుస్తుంది. ఆ కాస్తలోనే ఓరగా కళ్ళు తెరిచి చూస్తుంది. పిల్లలిద్దరూ గట్టిగా మూసుకునే ఉంటారు.