ఇద్దరు కన్నయ్యలను విడదీసిన మేడమ్

"దమ్మపేట టైపు మేడమ్ పోయిందన్నా" అని ఫోనులో చెప్పినవాణ్ణి పట్టరాని కోపంతో బూతు తిట్టాను. వాడి తప్పేమీ లేదు. గుండెపోటట. పొద్దున టీ తాగుతూనే ప్రాణం పోయిందట. నేనప్పుడు ఏన్కూరులో ఉన్నాను. ఎదురుగా ఉన్న గోడను పిడికిలితో గుద్దాను. వేళ్ల మీద తోలు లేచింది. ఆ చేత్తోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మేడమ్ ఒకప్పుడు టైపు నేర్పేవారు. మిషన్లు మూలపడ్డాక ఒక కంప్యూటరు పెట్టుకుని దరఖాస్తులు, పెళ్లిపత్రికలు కొట్టేవారు. చివరి ఏళ్లలో మాత్రం వంశవృక్షాల పనే ఎక్కువ. దానికొక సాఫ్ట్‌వేర్ ఉంది. తాత, తండ్రి, పిల్లల పేర్లు ఇస్తే కొమ్మలు గీసి చూపిస్తుంది. అడవి అంచు గూడేలలో ఎవరి భూమికి ముప్పు వచ్చినా, "మా పెద్దోళ్లను కాయితం మీద నిలబెట్టమ్మా" అంటూ ఆమె దగ్గరికే వచ్చేవారు.

నేను మొదటిసారి ఆమె దగ్గరికి వెళ్లింది ఒక కరపత్రం అచ్చు వేయించడానికి. అందులో నాలుగు వాక్యాలకొక విప్లవం ఉంది. ఆమె చదివి మూడు తప్పులు దిద్దారు. నాకు ఒళ్లు మండి కుర్చీని తన్నాను.

"కుర్చీ నీకేం జేసిందయ్యా? నీ కోపానికి పని లేక అట్ల తిరుగుతుంది. రా, కూర్చో, పనిస్తా" అన్నారు.

ఆ పని పేర్లు సరిచూడటం. ఒకే మనిషి రేషన్ కార్డులో ఒక తీరు, బడి కాగితంలో ఇంకో తీరు ఉంటాడు. సాఫ్ట్‌వేర్ అతన్ని ఇద్దరనుకుంటుంది. ఇంటిపేరు మొత్తం ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉండాలి. మనిషి పేరుకు మొదటి అక్షరం ఒక్కటే పెద్దది. ఎక్కడ తేడా వచ్చినా మేడమ్ కన్ను అక్కడే ఆగేది.

"ఇంగ్లీషోడి పెద్దక్షరాలకు మనమెందుకు దండం పెట్టాలె?" అని అరిచానొకసారి.

"దండం గాదయ్యా, అది వాడి దుడ్డుకర్ర. వాడి చేతిల ఉన్నన్నాళ్లు మనల్ని కొట్టిండు. ఇప్పుడు మన చేతిల ఉంది. సరిగ్గ పట్టుకో" అన్నారు.

సరిగ్గా పట్టుకోలేదు నేను.

ఒక గూడెంలో కన్నయ్య అనే రైతు మెట్ట చెలకను దిగువ నుంచి వచ్చిన భూస్వామి తనదంటున్నాడు. కన్నయ్య కుటుంబం నిన్నగాక మొన్న వచ్చిందని అతని వాదన. నిజానికి ఆ చెలక గట్టు మీదే ఆ భూస్వామి తండ్రి మనుషులు కన్నయ్య తాతను రాళ్లతో కొట్టి చంపారు. ఆ తాత పేరూ కన్నయ్యే. చంపబడ్డవాడి పేరు ఇంట్లో ఖాళీగా ఉండకూడదని ఆ గూడెంలో ఒక పట్టింపు. అందుకే తర్వాత పుట్టిన మనవడికి ఆ పేరే పెట్టారు.

కన్నయ్య వంశవృక్షంతో అధికారి ముందు విచారణకు వెళ్లాలి. దానికి ముందు రోజు మేడమ్ బీపీ చూపించుకోవడానికి దవాఖానాకు వెళ్లారు. ఒకరే రెండుసార్లు పడ్డారేమోనని సాఫ్ట్‌వేర్ అనుమానించిన పేర్ల వరస నా ముందుంది. ఒక్కొక్కటీ పుట్టిన ఏడుతో, తండ్రి పేరుతో పోల్చి చూడాలి. నాకు ఓపిక లేదు. అన్నింటికీ 'కలుపు' అని నొక్కుకుంటూ పోయాను. ఆమె నీరసంగా తిరిగి వచ్చి అడిగితే, "అన్నీ చూసిన మేడమ్" అన్నాను. నమ్మారు.

మర్నాడు పంచాయతీ రేకుల షెడ్డు కింద అధికారి ఆ కాగితం చదివాడు. ఇద్దరు కన్నయ్యలూ ఒకరైపోయారు. తాత లేడు. మనవడొక్కడే ఉన్నాడు. భూస్వామి కొడుకు పగలబడి నవ్వాడు.

"చూసిన్రా సార్! లేనోడు దున్నిండంట. లేనోణ్ణి మా తాత చంపిండంట!"

కన్నయ్య భుజం మీది గొడ్డలి చేతిలోకి వచ్చింది. "మా తాతను మళ్ల చంపిన్రు గదరా! గీ కాయితం కొట్టిందెవడు?" అని మావైపు దూకాడు. పుస్తకాల్లో వంద తిరుగుబాట్లు చదివిన నేను ఒక అడుగు వెనక్కి వేశాను. మేడమ్ నా ముందుకు వచ్చి, "నేనే కన్నయ్యా" అన్నారు.

అతను చివరి క్షణంలో గొడ్డలిని తిప్పాడు. అయినా దాని కర్ర కామ ఆమె ఎడమ మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అంచు గీరి, కాగితం మీద నెత్తురు చిందింది. ఆమె కేక వేయలేదు. "సార్, తప్పు పడింది. మూడు రోజులియ్యండి" అన్నారు. అధికారి తలూపాడు.

కట్టు కట్టించుకుని, ఇద్దరు కన్నయ్యలను మళ్లీ విడదీయడానికి మర్నాడే కూర్చున్నారు. పెద్దక్షరం రావాలంటే రెండు మీటలు నొక్కాలి. ఆమెకు ఒక్క చెయ్యే ఉంది. ఒక మీట నేను పట్టుకుంటే, రెండోది ఆమె నొక్కేవారు. కన్నయ్య నేల మీద కూర్చుని ఒక్కొక్క పేరూ చెప్పాడు. తాత చావు దగ్గర 'అమరుడయ్యాడు' అని రాద్దామన్నాను.

"పెద్దమాటలొద్దయ్యా. కొట్టి చంపిన్రు అని కొట్టు. చదివినోడు తలెత్తలేడు."

నా అబద్ధం గురించి ఒక్కసారే మాట్లాడారు. "చూడకుండ చూసిన అంటే, అదీ ఒక దెబ్బేనయ్యా. తగిలేది ఎవరికో." అంతే. ఎవరితోనూ చెప్పలేదు. కొత్త కాగితంతో చెలక కన్నయ్య ఇంటికే నిలిచింది.

మొన్న అంత్యక్రియలకు మధిర నుంచి ఆమె తమ్ముడి పిల్లలు ఇద్దరే వచ్చారు. "పాడె ఎత్తాలె, ఇంటోళ్లు ముందుకు రండి" అని ఎవరో అన్నారు. రోడ్డు మీద ఆగిన ట్రాక్టరు తొట్టిలోంచి గూడెం అంతా దిగి ముందుకు వచ్చింది.

నేను కన్నయ్య ఎదురుగా నిలబడి, "ఆ కాయితం చెడగొట్టింది మేడమ్ గాదు, నేను" అన్నాను. అతని చెయ్యి లేచింది. కళ్లు మూసుకున్నాను. ఆ చెయ్యి నా మెడ మీద బరువుగా పడింది.

"ఎరికేనన్నా. గా పొద్దు నీ కాళ్లు వణికినయ్. ఆమెయి వణకలే. పట్టు, పాడె పట్టు."

ముందువైపు ఇద్దరం పట్టాం. అతను నాకంటే జానెడు పొడుగు. వాగు దాకా, దారంతా, ఆమె నా వైపే ఒరిగి ఉన్నారు.