అత్త హిందీ మరిచిపోయిన చలికాలం

వానలు వెనకబట్టి, పొద్దుటి గాలిలో మొదటి చలి తగులుతున్న రోజుల్లో మా అత్త హిందీ మరిచిపోయింది.

సిద్ధగోరాలో మా ఇంటి గేటు దగ్గర నిలబడి కూరగాయల బండివాడితో మాట్లాడుతోంది. పెళ్లయి తెలుగునేల విడిచి ఈ ఉక్కు ఊరొచ్చిన నాటి నుంచీ ఇంటి బయట ఆమె భాష హిందీయే. బండివాడితో బేరమాడినా, పక్కింటి బిహారీ ఆవిడతో నవ్వినా ఆ భాషలోనే. శ్రీకాకుళం యాస కలిసిన హిందీ అది. అయినా ఆమె మాట అర్థం కాలేదన్న మనిషిని నేను చూడలేదు. ఆ రోజు నేను ఆఫీసుకు బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటుంటే, ఆమె ఒక వంకాయ చేతిలో పట్టుకొని బండివాడిని తెలుగులో అడుగుతోంది.

"ఇయ్యి లేతవేనేటి? ఎప్పుడు కోసినారు?"

బండివాడు నా వైపు చూశాడు. ఆమె మళ్లీ అదే అడిగింది, ఈసారి మాట నాలుక మీద జారిపోతున్నట్టు. నోరు ఒక పక్కకు ఒరిగి ఉంది. చేతిలోని వంకాయ నేలమీద పడింది. పడిన సంగతి ఆమెకు తెలియలేదు.

ఆమె కొడుకు, మా ఆయన, అప్పటికే ఉక్కు ప్లాంటులో పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు. పక్కింటి ఆవిడ భర్త తన ఆటో తీశాడు. దారంతా అత్త తల నా భుజం మీద పెట్టుకొని కళ్లు తెరిచే ఉంది. ఏదో పెళ్లికి వెళ్తున్నట్టు చెట్లను చూస్తూ కూర్చుంది. తలలో ఒక చిన్న నరం మూసుకుపోయి రక్తం అందలేదని, వెంటనే తీసుకురావడం మంచిదయిందని ఆసుపత్రిలో చెప్పారు. కొన్ని రోజులకు ఇంటికి వచ్చింది. నోరు సర్దుకుంది. కుడికాలు మాత్రం కాస్త ఈడుస్తోంది. తెలుగు మొత్తం ఉంది, హిందీ మాత్రం లేదు. తుడిచేసిన పలక మీద ఒక పక్క మాత్రమే రాత మిగిలినట్టు.

ఇలా జరుగుతుంటుందన్నారు డాక్టరుగారు. రెండు భాషలున్న మనిషికి ఒకటి ముందు తిరిగి రావచ్చు, రెండోది ఆలస్యంగా రావచ్చు, రాకనూపోవచ్చు. మందులు మానొద్దు, రోజూ నడిపించండి, ఉప్పు తగ్గించండి, వేళకు పడుకోనివ్వండి, అన్నిటికన్నా ముఖ్యం ఆమెతో మాట్లాడుతూ ఉండండి అని చెప్పారు. చెబుతూ చెబుతూ, నేను మెడ పట్టుకొని కూర్చోవడం చూసి నా చేతికీ బీపీ పట్టీ చుట్టారు. చూసి కళ్లద్దాలు తీశారు. ఒక మాత్ర రాసి, ఇప్పుడు చెప్పినవన్నీ మీకు కూడా అన్నారు.

నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. నేను పనిచేసేది ఒక కాంట్రాక్టు సంస్థ ఆఫీసులో. రోజంతా కంప్యూటరు ముందు కూలీల హాజరు చూడటమే పని. మెడ నొప్పి ఎప్పుడు మొదలైందో గుర్తు లేదు. అన్నం నిలబడి తినడం అలవాటైపోయింది. పక్క మీద వాలాక ఫోను వెలుగు చూస్తూ చూస్తూ ఎప్పటికో కన్ను మూతపడేది. ఆ నిద్ర కూడా పొట్టి దుప్పటిలా ఉండేది. తల కప్పితే కాళ్లు చలికి బయటే.

మా అమ్మాయి అప్పుడు ఇంటర్ చదువుతోంది. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన చాలామంది పిల్లల్లాగే తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో వస్తుంది. మామ్మ తెలుగులో అడిగేది, మనవరాలు హిందీలో చెప్పేది. ఎవరి ఒడ్డున వాళ్లు నిలబడి హాయిగా మాట్లాడుకునేవారు, మధ్యలో నీళ్లున్నాయని ఎవరికీ తోచేది కాదు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు అమ్మాయి మంచం పక్కన కూర్చొని, మందు వేసుకున్నావా అని అడిగింది.

"మామ్మా, దవాయీ ఖా లీ?"

అత్త దాని పెదాల వైపే చూసింది. తరవాత నా వైపు తిరిగింది.

"గుంట ఏటంతంది?"

అమ్మాయి లేచి గదిలోకి వెళ్లిపోయింది. చాలాసేపటి దాకా రాలేదు. తెలుగులో నాలుగు మాటలు అను, మామ్మ సంతోషిస్తుంది అన్నాను తలుపు దగ్గర నిలబడి. నాకు రాదమ్మా, తప్పులొస్తాయి, నవ్వుతుంది అంది. అది కూడా హిందీలోనే.

మేం నడక మొదలుపెట్టింది తెల్లవారుజామున. మొదటి రోజుల్లో వీధి మలుపు దాకా వెళ్లేసరికే అత్త అలిసిపోయేది. ఎవరో ఒకరి అరుగు మీద కూర్చొని తిరిగొచ్చేవాళ్లం. చలి ముదిరేసరికి మలుపు దాటి మైదానం దాకా, తరవాత భుయియాడీ వైపు ఏటి దాకా వెళ్లడం అలవాటయింది. ఒక చేతిలో కర్ర, ఇంకో చేయి నా మోచేతిలో. మంచు దట్టంగా పట్టిన రోజుల్లో వీధి దీపాలు నీళ్లలో మునిగిన పసుపు పూలలా ఉండేవి. ప్లాంటు వైపు ఆకాశం అప్పుడప్పుడు ఎర్రబడి, ఎవరో పొయ్యి ఊది ఆపినట్టు మళ్లీ బూడిదరంగయ్యేది. మనుషులు దగ్గరికి వచ్చాకే కనబడేవారు, శాలువాలో ముఖాలు, నోటి నుంచి ఆవిరి. పలకరించి, మళ్లీ మంచులో కరిగిపోయేవారు.

"ఊరెక్కడికి పోయిందే?" అంది అత్త ఒకరోజు ఆగి.

"మంచు పట్టింది అత్తా. ఇక్కడే ఉంది."

"ఉంటే ఉండనీ. మనం ఎల్దాం."

ఆ మాట నాకెందుకో చాలా నచ్చింది. ఆ వేళప్పుడు నిజంగానే ఊరు ఉండేది కాదు. ఆఫీసు తెర ఉండేది కాదు, ఫోను ఇంట్లోనే ఉండేది. ఆమె కర్ర చప్పుడు, నా ఊపిరి, ఇద్దరి అడుగులు. ఎంత నెమ్మదిగా నడవాలో ఆమె కాలే నిర్ణయించేది. అంత నెమ్మదిగా నేను నా జీవితంలో ఎన్నడూ నడవలేదు. కొన్నాళ్లకు మెడ దానంతట అదే వదులవడం తెలిసేది, ఎవరో వెనకనుంచి చేయి వేసి నిమిరినట్టు.

వంటింట్లో మాత్రం అంత హాయిగా జరగలేదు. ఉప్పు తగ్గించిన కూర మొదటిసారి వడ్డించిన రోజు అత్త ముద్ద నోట్లో పెట్టుకొని కదలకుండా కూర్చుంది.

"ఇది కూరేటే? పత్తెం పెట్టినావేటి నాకు?"

"మనందరికీ ఇదే అత్తా. నాకూ వద్దన్నారు ఉప్పు."

"నువ్వేటి సేసినావు, నీకూ సిచ్చ?"

ఆవకాయ జాడీ పైఅరకు ఎక్కింది. ఎండుచేపలు ఆదివారానికొక్కసారే అన్నాను, అత్త మూడు రోజులు అలిగింది. పొద్దున నడిచొచ్చాక రాగిపిండితో చోడి అంబలి కాచేదాన్ని, మజ్జిగ పోసి, ఉల్లిపాయ పక్కన పెట్టి. దానికి మాత్రం ఎప్పుడూ వంక పెట్టలేదు. మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి, ఇదేంటి ఇంట్లో అందరూ కూర్చొని తింటున్నారు అన్నాడు. నిజమే, అప్పటికి నేను కూర్చొని తినడం మొదలుపెట్టాను. ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలియలేదు.

పుష్యమాసంలో నాకు జ్వరం వచ్చింది. తెల్లారకముందే అత్త శాలువా కప్పుకొని, కర్ర పట్టుకొని గుమ్మంలో నిలబడి ఉంది. ఈరోజుకు మానేద్దాం అత్తా అంటే ముఖం చిన్నబోయింది. అప్పుడు అమ్మాయి నిద్రకళ్లతో వచ్చి చెప్పులేసుకుంది. నేను తీసుకెళ్తానంది.

"మై లే జాఊంగీ."

అత్తకు ఆ మాట తెలియలేదు గాని, దాని చేయి మాత్రం పట్టుకుంది.

వచ్చే వేళ దాటింది. ఇద్దరూ రాలేదు. అమ్మాయి ఫోను బల్ల మీదే ఉంది. మా ఆయన ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు. జ్వరంతో తల దిమ్ముగా ఉంది, అయినా దుప్పటి మీద ఇంకో శాలువా చుట్టుకొని బయలుదేరాను. ఒళ్లు కాలుతుంటే మంచులో నడవడం కలలో నడిచినట్టే ఉంటుంది. నేల అందుతున్నట్టూ, అందనట్టూ. మైదానంలో లేరు. మైదానం పక్క ఛాయ్ దుకాణం అతన్ని అడిగితే నది వైపు చేయి చూపించాడు. అత్త ఎక్కడైనా పడిపోయిందేమో, పిల్ల ఒక్కతే ఏం చేస్తుందో.

ఘాటు మెట్ల దగ్గరికి వచ్చేసరికి ముందు నవ్వు వినిపించింది. ఆసుపత్రి తరవాత అత్త నవ్వడం నేను వినలేదు. మంచులో వాళ్లిద్దరూ మెట్ల మీద కూర్చొని ఉన్నారు, ఒకే శాలువాలో. అమ్మాయి నీళ్ల వైపు చేయి చాపింది.

"మామ్మా, ఇది ఏటి?"

"ఏరు."

"ఏరు అంటే ఏటి?"

అత్త నవ్వుతూ దాని వీపు మీద తట్టింది. "ఏటి ఒడ్డున కూకోని ఏటి, ఏటి అంతావేటే గుంటా."

అమ్మాయికి ఆ మాటలోని మెలిక అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక అది కూడా నవ్వింది. ఇద్దరూ అలా నవ్వుతూనే ఉన్నారు. అరుద్దామని వచ్చినదాన్ని పై మెట్టు మీదే కూర్చుండిపోయాను. కింద అమ్మాయి మంచు చూపించి కోహ్రా అంటోంది. మామ్మ 'కోరా' అంది. కాదు, కోహ్రా. మళ్లీ 'కోరా'. ఇసుకకు బాలూ, కాకికి కౌవా. ఒకరు ఒక మాట ఇస్తే ఇంకొకరు ఒక మాట ఇస్తున్నారు. వాళ్ల వెనక నది ఉందో లేదో తెలియకుండా తెల్లగా ఉంది. నన్ను చూసి అమ్మాయే ముందు లేచింది, ఆలస్యమైందని భయపడుతూ. అత్త భయపడలేదు.

"జొరంతో ఏలొచ్చినావు? మేం వత్తన్నాం కదా," అంది.

జ్వరం తగ్గాక కూడా ఆ నడక వాళ్లిద్దరిదే అయింది. నేను కాస్త దూరంగా వెనక నడిచేదాన్ని. ఆ వెనక నడవడంలో ఒక సుఖం ఉంది. ముందు రెండు గొంతులు, ఒకటి కర్రతో పాటు ఆగి ఆగి, ఒకటి గబగబా. ఏ భాషో వినబడనంత దూరంలో, వాళ్లు మాట్లాడుకుంటున్నారన్న సంగతి మాత్రం వినబడేది. రాత్రిళ్లు కళ్లు మూస్తే అదే వినిపించేది, ఇంకేదీ ఆలోచించకుండా నిద్ర పట్టేది.

మోదుగలు పూసే రోజుల్లో, ఒకనాటి పొద్దున ఒక మోటారు సైకిలు అత్త కర్రను రాసుకుంటూ పోయింది. అత్త కర్ర ఎత్తి, చూసుకొని పొమ్మని కేకేసింది.

"అరే, దేఖ్ కే చలో నా."

మేం ముగ్గురం నడిరోడ్డు మీద నిలబడిపోయాం. మోటారు సైకిలు ఎప్పుడో వెళ్లిపోయింది.

"ఏటన్నాను నాను?" అంది అత్త.

"హిందీలో అన్నావు మామ్మా," అంది అమ్మాయి, తెలుగులో.

"తిట్టేసినానా?"

"నేదు. మంచిగానే అన్నావు."

ఆ తరవాత హిందీ ఒక వరస లేకుండా వచ్చింది. దెబ్బలాట మాటలు ముందొచ్చాయి. పలకరింపులు తరవాత. అంకెలు బాగా ఆలస్యంగా వచ్చాయి, వారాల పేర్లు ఇప్పటికీ తడబడతాయి. కొన్ని మాటలు ఇక రావని డాక్టరుగారే అన్నారు. నా బీపీ మాత్ర ఆగలేదు గాని చిన్నదయింది. నడక వల్లనో, ఉప్పు వల్లనో, ముందుగదిలో వదిలేసే ఫోను వల్లనో, రోజులో కాసేపు ఏమీ మాట్లాడకుండా ఎవరి వెనకనో నడవడం వల్లనో నాకు తెలియదు. విడదీసి చూడాలని కూడా లేదు. వానలొస్తే మానేస్తాం, పండగలకు ఆవకాయ జాడీ కిందికి దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది.

మొన్న ఈ ఊళ్లోనే సీతారామ్‌డేరాలో మా వాళ్లింట్లో పెళ్లికి వెళ్లాం. మా అమ్మాయి మాట్లాడుతుంటే ముసలమ్మలు చుట్టూ చేరారు. తెలుగు మామ్మ దగ్గరే నేర్చుకుంది కాబట్టి దానికి వచ్చింది మామ్మ తెలుగే. జీన్స్ ప్యాంటు వేసుకున్న పిల్ల "ఓలమ్మ, నానెరగను" అంటుంటే వాళ్లకు నమ్మబుద్ధి కాలేదు. అత్త ఒక మూల కుర్చీలో కూర్చొని, ఎవరూ చూడటం లేదు కదా అని చూసి, అప్పడం మీద అప్పడం తింటోంది.

ఈ ఆదివారం వాన వెలిసింది. నది నిండుగా, మట్టిరంగులో పారుతోంది. అవతల దల్మా కొండ కడిగినట్టు నీలంగా ఉంది. అమ్మాయి నీళ్ల దగ్గరికి దిగింది. అత్త, నేను మెట్ల మీద కూర్చున్నాం. ఆమె నా ముఖంలోకి చూసింది.

"నీకు కంగారు తగ్గినాది," అంది.

"తగ్గిందా అత్తా?"

"ఆ. ముందు నా కాడ కూకున్నా ఎక్కడికో ఎలిపోతన్నట్టే ఉండీదానివి."

అత్త నా భుజానికి ఆనుకొని కళ్లు మూసుకుంది. ఎండ వీపులకు వెచ్చగా తగిలేదాకా అలాగే కూర్చున్నాం.